కొంగ ముద్ర

బంగారం, వెండి నాణ్యత తేల్చే ఆ కేంద్రంలో పెద్దావిడకు ముప్పయ్యేళ్ల అనుభవం. నగ మీద నలుసంత ముద్ర కనిపిస్తే చాలు, ఏ కార్యాలయం ఏ ఏడాది వేసిందో ఇట్టే చెప్పేసేది. ఇక ఆవిడ చూడాల్సిందేమీ మిగల్లేదని తోటివాళ్లు నవ్వుకునేవారు.

ఒక ఉదయం బట్టలు కుట్టే ఒకామె వచ్చి, సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగును బల్ల మీద ఉంచింది. మసిబారి బొగ్గులా ఉంది. అమ్మమ్మ వాడి, అమ్మ వాడి, తన చేతికొచ్చేసరికి కొనకు చిల్లు పడింది. అతుకు వేయమంటే, ముందు అది వెండో కాదో తేల్చుకు రమ్మన్నాడట కంసాలి.

పెద్దావిడ అంచు తుడిచి భూతద్దం కంటికి ఆనించింది. వరసగా నాలుగు ముద్రలు. చేసినవాడి పొడి అక్షరాలు, వెండి పాళ్లు చెప్పే అంకె, ఏడాదిని తెలిపే అక్షరం. చివరిది పరీక్షించిన కార్యాలయం గుర్తు. అది చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ!

బీరువాలోంచి పాత ముద్రల పుస్తకం తీసింది. కొంగ గుర్తున్న కార్యాలయం తెరిచిన ఏడాదే కాలి బూడిదైందని అందులో ఉంది. ఎవరో గుర్తున్నంత మేర గీసిన బొమ్మ తప్ప, అసలు ముద్రను చూసినవాళ్లు ఆ కేంద్రంలో లేరు. బొమ్మలోని కొంగకు కన్ను లేదు. తొడుగు మీది కొంగకు ఉంది.

అందరినీ పిలిచింది. ఒక్కొక్కరే వంగి చూశారు. పుస్తకంలోని బొమ్మతో పోల్చి, మళ్లీ భూతద్దం అందుకున్నారు.

కుట్టుపనామె బల్ల దగ్గరికి జరిగింది. "ఏమైందమ్మా? వెండి కాదా?"

"వెండేనమ్మా. మేం పుస్తకంలో మాత్రమే చూసిన ముద్ర ఇన్నేళ్లూ మీ వేలి మీద ఉంది."

భూతద్దం ఆమె చేతికిచ్చింది. ఆమె చాలాసేపు చూసింది.

"నేను వేసే కుట్టే దీనికంటే పెద్దది. ఇంత సన్నగా ఆ కన్ను ఎలా పెట్టారమ్మా?"

అతుకు వేస్తే వేడికి, ఆకురాయికి ముద్ర చెదిరిపోవచ్చని, తమ దగ్గర భద్రపరచనివ్వమని పెద్దావిడ బతిమాలింది. బడిపిల్లల బట్టలు నలభై జతలు కుట్టాల్సి ఉందనీ, ఇది లేనిదే తన వేలు నడవదనీ ఆమె నెమ్మదిగా చెప్పింది.

పెద్దావిడ ఫొటోలు తీసి, మైనంలో అచ్చు తీసుకుని, తనే వెంట బయల్దేరింది. ముద్రకు వేడి తగలకుండా కంసాలి తడి ఇసుకలో అంచును పాతిపెట్టి పైన అతుకు కరిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. ఇసుక దులిపితే, కొంగ చెక్కుచెదరలేదు.

ఒక్కసారి తొడుక్కోనా అని పెద్దావిడ అడిగింది. లోపల మూడు తరాల వేళ్లు అరగదీసిన నునుపు తగిలింది. ఆ తొడుగును తీసి, తనే కుట్టుపనామె వేలికి తొడిగింది.