వేరుశనగ లేని కుళంబు

ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని, రెండు బస్సులు మారి, జెమీమా లండన్ క్రోయిడన్‌లోని తన ఫ్లాట్‌కి చేరేసరికి పొద్దున తొమ్మిదిన్నర దాటింది. ఒళ్ళు పులిసిపోయి ఉంది. బట్టలు మార్చుకుందామని మంచం మీద కూర్చుందో, ఇక లేవదు. ఆ సంగతి తెలిసే యూనిఫారంతోనే వంటింట్లోకి నడిచింది.

ముందుగదిలో కుర్చీలో అత్తగారు జ్ఞానమ్మాళ్ కూర్చుని ఉంది. తిరుత్తణి మనిషి, ఇంట్లో తమిళం, కోడలితో తెలుగు. డెబ్బై తొమ్మిదేళ్ళ వయసు, నానాటికీ ముదురుతున్న మతిమరుపు. వారం రోజులుగా అన్నం సరిగ్గా ముట్టడం లేదు. సోమవారం నర్సు వచ్చి బరువు చూస్తుంది. ఇంకా తగ్గితే కేర్ హోమ్ సంగతి ఆలోచించక తప్పదని జీపీ డాక్టరు చెప్పేశాడు. రాత్రంతా పరాయివాళ్ళ అమ్మలకు పక్కలు సర్ది వచ్చిన జెమీమాకి ఆ మాటంటేనే భయం. అక్కడ మనుషులు మంచివాళ్ళే, కానీ ఒక్కొక్కరికి పదిమందిని అప్పజెబుతారు. ఎవరికని కూర్చుని తినిపిస్తారు?

ట్రామ్ డ్యూటీకి పోతూ మొగుడు క్రిస్టఫర్ గుమ్మంలోనే చెప్పాడు. "అమ్మ నిన్న కత్తిరిక్కా కుళంబు కావాలంది. అదైనా తింటుందేమో చూడు." చెప్పి చక్కా పోయాడు మహారాజు!

ఆవిడడిగిన ఆ వంకాయ పులుసుకి నీలం వంకాయలు చిన్నవి ఏరి, తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలుగా కోసి ఉప్పునీళ్ళలో వేసింది. ధనియాలు, ఎండుమిర్చి, శనగపప్పు, మిరియాలు, కొబ్బరి వేయించి నూరింది. నువ్వులనూనె ధారాళంగా పోసి వంకాయలు మగ్గించి, చిన్నుల్లిపాయలు వేసి, చింతపండు పులుసు పోసింది. నూనె పైకి తేలేదాకా స్టవ్ పక్కన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

వేరుశనగ మాత్రం వేయలేదు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి వేసినప్పుడు, "మీ ఒంగోలు గుత్తివంకాయని తెచ్చి నా కుళంబులో కలిపావే!" అని జ్ఞానమ్మాళ్ ఇల్లెగిరిపోయేలా అరిచింది. జెమీమా తక్కువదా? పద్దెనిమిదేళ్ళుగా పంతానికి వేస్తూనే ఉంది. ఆవిడ తిడుతూ తింటూనే ఉంది. ఇవాళ పంతానికి కూడా ఓపిక లేదు. ఆవిడ పద్ధతిలోనే చేసింది, ఒక్క పూట తింటే చాలని.

"అత్తయ్యా, కుళంబు తెచ్చాను. నోరు తెరవండి."

జ్ఞానమ్మాళ్ ఒక్క ముద్ద తిని, రెండోదానికి పళ్ళెం పక్కకి నెట్టేసింది. "ఇది కాదమ్మా. మా కోడలు వేరుశనగ వేసి చేస్తుంది."

"నేనే అత్తయ్యా, జెమీమాని."

ఆవిడ యూనిఫారం వంక, దానికి వేలాడుతున్న గడియారం వంక చూసింది. "నువ్వు నర్సమ్మవి కదా. మా కోడలు డ్యూటీ నుంచి రానీ, చేస్తుంది. అందాకా నాకేం వద్దు."

జెమీమాకి ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిదేళ్ళు దుమ్మెత్తిపోసి, ఇవాళా కావాల్సి వచ్చింది? పళ్ళెం తీసుకుని విసురుగా వంటింట్లోకి పోయింది. సింకు ముందు నిలబడితే ఏడుపు ఆగలేదు. ఏడ్చాక మొహం కడుక్కుని, వేరుశనగపప్పు మూకుట్లో పోసింది. వేయించి, పొట్టు ఊది, నూరి, కుళంబులో కలిపి ఉడకనిచ్చింది. అది ఉడికేలోపు యూనిఫారం విప్పేసి పాత నూలుచీర చుట్టుకుంది.

"వచ్చావా జెమీమా? ఎంతసేపమ్మా!" అంది జ్ఞానమ్మాళ్, ఆమెని చూడగానే.

తిన్నది. ఒకటి, రెండు, అయిదు ముద్దలు. "వేరుశనగ ఎక్కువేశావు," అని ఎప్పటిలాగే సణిగి, ఇంకాస్త వేయమంది. జెమీమా ఇంకో గరిటె వేసింది.

కడుపు నిండాక ఆవిడ గొంతు తగ్గించింది. "ఇందాక ఒక నర్సమ్మ వచ్చింది. పాపం, నిలబడలేక తూలిపోతోంది. నేనేదో అన్నాను, కోపమొచ్చి లోపలికి పోయింది. తిన్నదో లేదో. పిలిచి దానికి కూడా ఇంత పెట్టమ్మా."

"పెడతానత్తయ్యా," అంది జెమీమా.

ఇంకో పళ్ళెం తెచ్చుకుని, ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూలబడి అన్నం కలుపుకుంది. నిన్న మధ్యాహ్నం నుంచి తనేమీ తినలేదని మొదటి ముద్ద దిగాకగానీ గుర్తు రాలేదు.