ఒకటో గీత

వెల్డర్‌కు అక్కంటే మొదటినుంచీ పడదు. నాన్నను తనొక్కతే మోస్తున్నట్టు ముఖం పెడుతుందని ఒళ్లు మంట. ఆ మధ్యాహ్నం గుమ్మం దాటుతూనే వంకలు వెతకడం మొదలుపెట్టాడు.

నాన్న మంచంమీద ముందుకు వంగి, మాటకో ఊపిరి తీస్తున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. తలాపున ఆక్సిజన్ సిలిండర్. దాని గాజుగొట్టంలో చిన్న గోళీ ఒకటో గీత దగ్గర తేలుతోంది.

"ఒకటా? గాలి దగ్గర కూడా పిసినారితనమేనా నీకు?"

"దాని జోలికి పోకు. ఒకటి దాటించొద్దని డాక్టరు లక్షసార్లు చెప్పాడు."

"ఆక్సిజన్ గురించి నాకు చెప్తున్నావా? ఇరవై ఏళ్లుగా సిలిండర్ల మధ్యే బతుకుతున్నా!"

"ఇనప ముక్కలు అతికించడం వేరురా," అని ఈసడించి, అక్క మందుల షాపుకు వెళ్లింది.

అతనికి తిక్క రేగింది. షెడ్డులో మంట పసుపెక్కి మసి కక్కితే తనేం చేస్తాడు? ఆక్సిజన్ పెంచుతాడు. మంట నీలంగా నిలబడుతుంది. ఇదీ అంతేగా! మర తిప్పాడు. గోళీ ఆరుకు ఎగిరింది.

నిజంగానే పెదవులు ఎర్రబడ్డాయి. ఎగశ్వాస నెమ్మదించింది. నాన్న దిండుకు చేరబడి కళ్లు మూశాడు. వెల్డర్ మీసం దువ్వుకున్నాడు.

గంట తర్వాత అక్క వచ్చింది.

"చూడు, ఎంత హాయిగా పడుకున్నాడో! ఇన్నాళ్లూ నువ్వే ఊపిరాడకుండా చేశావు."

అక్క గోళీని చూసింది. చేతిలో మందులు జారిపోయాయి. నాన్నను పిలిచింది, కుదిపింది, గిచ్చింది. ఆయన కళ్లు తెరవలేదు.

ఆస్పత్రిలో మణికట్టు దగ్గర రక్తం తీశారు. పరీక్ష చీటీ చూసిన డాక్టరమ్మ, "ఆక్సిజన్ ఎవరు పెంచారు?" అంది. అక్క గడ్డంతో తమ్ముణ్ణి చూపించింది. వెనకేసుకు రాలేదు.

"ఈయన ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువుని పూర్తిగా బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే రక్తం ఆమ్లంగా మారుతుంది. మూత్రపిండాలు ఇన్నాళ్లూ ఆ ఆమ్లాన్ని ఎలాగో సర్దుకొస్తున్నాయి. మీరు ఆక్సిజన్ అంత పెంచేసరికి ఆ వాయువు ఇంకా పేరుకుంది. ఇక మూత్రపిండాల వల్ల కాలేదు. అది నిద్ర కాదయ్యా, మత్తు! ఇంకాసేపుంటే ప్రాణం పోయేది."

గాలిని లోపలికి నెట్టే మాస్కు నాన్న ముఖానికి బిగించారు.

మర్నాడు పొద్దున నాన్న కళ్లు తెరిచాడు. వెల్డర్ ఆయన కాళ్లు పట్టుకుని భోరుమన్నాడు. నాన్న మాస్కు పక్కకు లాగాడు.

"ఏడవకురా... నిన్న... ఎంత బాగా నిద్రపట్టిందో... ఇంటికెళ్లాక... మళ్లీ అలాగే తిప్పు... అక్క తిప్పదు."

వెల్డర్ బిత్తరపోయి వెనక్కి తిరిగాడు. గోడకు ఆనుకున్న అక్క అతన్ని కళ్లతోనే కాల్చేస్తోంది.

"నన్ను రోజూ అడుగుతాడు. రోజూ కాదంటాను. ఇవాళ నువ్వు చెప్పు."

నాన్న ఇంకా అతని చేతివైపే చూస్తున్నాడు.