ఏడు రోజుల చుక్కలు

నా లేసు బుట్టలో దారపు ఉండల మధ్య రెండు కళ్లున్నాయి, అవి రెప్పలు కొడుతున్నాయి, ఎవరివో అడగక్కర్లేదు, ఎనిమిది నెలల కిందట మట్టిలో పెట్టి వచ్చిన మా సువార్త వదినవి.

నేను మూత వేసేస్తాను. వేశానో లేదో బుట్ట బరువెక్కుతుంది, చంకలో పెట్టుకుని ఎటైనా పోదామని లేస్తే నేను ఉన్నది మా వరండాయే అని తెలుస్తుంది, కానీ వరండాకి గోడ లేదు, గోడ ఉండాల్సిన చోట పైనుంచి కిందకి తెల్ల లేసు వేలాడుతోంది, దాని చిల్లుల్లోంచి ఒకసారి కాలువ కనిపిస్తే ఇంకోసారి మందుల షాపు అద్దాల బీరువా కనిపిస్తోంది. రోజూ పద్నాలుగు మంది ఆడవాళ్లు కూర్చుని లేసు అల్లే చాప మీద ఇప్పుడు ఒక్కతే కూర్చుంది, వెలుతురు కుడిచేతి వైపు పడేలా, తన పాత చోటులోనే. ఒళ్లో సగం అల్లిన బల్ల గుడ్డ. చేతిలో కొక్కెం సూది. ముఖంలో కళ్లు ఉండాల్సిన చోట నున్నగా, చెక్కిన చెక్కలా ఉంది.

"ఆ బుట్ట ఇలా తే, రాహేలూ," అంటుంది తల ఎత్తకుండానే. "నా సామాను నీ దగ్గరుంది."

"ఏం సామాను వదినా?"

"ఆహా, తెలీదు పాపం. దాచినవాళ్లకి ఎప్పుడూ తెలీదు."

బుట్ట నా చేతిలో లేదు, ఆమె చేతిలో ఉంది. మూత తీసి, ఆ రెండూ తీసి, చీర కొంగుతో తుడిచి, కళ్లజోడు పెట్టుకున్నంత తేలిగ్గా పెట్టేసుకుని నా వైపు చూస్తుంది.

"అద్దాలు ఎలాగూ పెట్టుకోనివ్వలేదు నువ్వు," అంటుంది. "కళ్లన్నా పెట్టుకోనీ."

కంపెనీ నుంచి దారం తెచ్చి ఇంటింటికీ పంచి, అల్లినది పోగు చేసి తిరిగి పంపేది నేనే, పాతికేళ్లుగా. మా పేటలో ఒక మాట ఉంది, ఎవరు మొదలుపెట్టారో గాని దాన్ని నిలబెట్టింది మాత్రం నేను: అద్దాలెక్కితే సన్న దారం దిగాలి. కళ్లజోడు పెట్టుకుని చాప మీద కూర్చున్న మనిషికి ఆ రోజు నుంచి లావు దారమే ఇస్తాను, తక్కువ కూలికి గుమ్మాలకి తోరణాలు, పరదాలు అల్లుకోవడమే. అందుకని నలభై దాటిన ఏ ఆడదీ మా దగ్గర చూపు ఆనడం లేదని ఒప్పుకోదు, అల్లికని మూరెడు దూరం పెట్టుకుని, కళ్లు చిట్లించి, చీకాకుగా నవ్వి, "బాగానే కనబడతంది" అంటుంది. సువార్త వదినకి యాభై రెండు. బల్ల గుడ్డ మధ్యలో వచ్చే నడి పువ్వు, ముప్పై రెండు రేకులది, ఆమె తప్ప ఎవరూ అల్లలేరు.

"సరే, పని చూద్దాం," అంటుంది వదిన, మేమేదో కబుర్లాడుతూ ఆలస్యం చేస్తున్నట్టు. "నన్నెవరు చంపేరో చెప్పు."

"వ్యాను," అంటాను. ఇది మాత్రం నాకు తడుముకోకుండా వస్తుంది. "రొయ్యల వ్యాను. పోలీసులు రాసుకున్నారు. కేసు నడుస్తోంది."

అనేసరికి డ్రైవరు వచ్చి చాప చివర కూర్చుంటాడు, ఒళ్లో రొయ్యల ట్రే, అందులోంచి మంచు నీళ్లు కారి చాప తడుపుతున్నా ఎవరూ ఏమీ అనరు. అతని పేరు దుర్గారావు, వాయిదాకి వాయిదాకి మనిషి చిక్కిపోయాడు.

"నేను హారన్ కొట్టేనండి," అంటాడు వదినతోనే. "మూడుసార్లు కొట్టేను. తమరు వినేరు కూడానండి, కానీ తల కుడివైపు తిప్పేరు. నేను ఎడమ నుంచి వత్తన్నాను కదండి."

"అవునయ్యా," అంటుంది వదిన, ఎంతో మర్యాదగా. "ఎడమ వైపు అసలు ఉందనే మరిచిపోయేను. నీ తప్పు లేదు, ఎల్లు. రొయ్యలు పాడైపోతాయి."

అతను వెళ్లిపోతాడు. తడి మాత్రం ఉండిపోతుంది. వదిన నా వైపు తిరుగుతుంది.

"ఇంకో పేరు చెప్పు."

"మందుల షాపు గణపతి. చుక్కల మందు అమ్మింది వాడే."

ఇప్పుడు మేం షాపు ముందున్నాం, లేక షాపే మా చాప మీదికి వచ్చింది. గణపతి అద్దం వెనకనుంచి ఒక కాగితం ఎత్తి చూపిస్తాడు, మడతల దగ్గర చిరిగి టేపు అంటించిన కాగితం. "డాక్టరు గారి చీటీ ఉందండి," అంటాడు. "రాహేలమ్మ గారు తెచ్చేరు, ఇచ్చేను. చీటీలో ఏముందో ఆవిడ చదవలేరా ఏంటండి, పది పాసయ్యేరు."

ఆ చీటీ నాది. ఐదేళ్ల కిందట నా కళ్లు ఎర్రబడి దురద పెడితే పట్నంలో డాక్టరు రాసింది. మూడో రోజుకే ఎరుపు విరిగింది, ఏడో రోజుకి మానేశాను. ఆ వేసవిలోనే వదిన కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి, కంపెనీ వాళ్లకి బల్ల గుడ్డ వెళ్లాలి, నా సీసాలో మిగిలిన చుక్కలు ఆమె కళ్లలో నేనే వేశాను. రెండు రోజుల్లో తేటపడ్డాయి. దేవుడు నీ చేతిలో మందు పెట్టేడే అంది. ఆ తర్వాత ఎప్పుడు కళ్లు మండినా ఆమె నన్నే అడిగేది, నేను ఆ చీటీ పట్టుకుని షాపుకి వెళ్లేదాన్ని, సీసా తరవాత సీసా, నాలుగేళ్లు.

"చదువు," అంటుంది వదిన.

కాగితం నా చేతిలో ఉంది, కానీ దాని అంచులు కనిపించడం లేదు, మధ్యలో రూపాయి బిళ్లంత చోటు మాత్రమే తెల్లగా ఉంది, చుట్టూ పొగ. నేను కాగితాన్ని అటూ ఇటూ జరుపుతాను. అక్షరాలు ఒక్కొక్కటే ఆ బిళ్లలోకి వచ్చి పోతున్నాయి.

"కనబట్టం లేదా?" అంటుంది. "నాకూ అట్టాగే ఉండేది. నొప్పి లేదు, మంట లేదు. నువ్వు వేసిన చుక్కలకి కళ్లు కడిగిన ముత్యాల్లా ఉండేవి, అద్దంలో చూసుకుని మురిసిపోయేదాన్ని. లోపల మాత్రం అంచు ఊడిపోతా ఉంది. లేసుకి అంచు ఊడితే ఎవరికన్నా తెలుత్తాది, గుడ్డ పట్టుకోగానే చేతికి తగులుతాది. కంటికి అంచు ఊడితే ఎట్టా తెలుత్తాది చెప్పు? నడి పువ్వు కనబడతానే ఉంది. ముప్పై రెండు రేకులూ కనబడతన్నాయి. పువ్వు కనబడినంత కాలం అంచు ఉందో లేదో ఎవరు చూత్తారు?"

ఆమె రవిక చెయ్యి పైకి జరుపుతుంది. ఎడమ భుజం మీద నీలంగా, దాని మీద పచ్చగా, దాని మీద మళ్లీ నీలంగా దెబ్బలు.

"గుమ్మానికి కొట్టుకునేదాన్ని. మీ అన్నయ్య ఏమనేవాడో గుర్తుందా? 'గుమ్మం ఇరుకైందా, నువ్వు లావయ్యేవా?' అని. అందరం నవ్వేం. నువ్వు కూడా నవ్వేవు."

నేను నవ్వాను. అందరికంటే గట్టిగా.

"ఒక్క పని చేసుంటే బాగుండేది," అంటుంది. "ఒక కన్ను మూసుకుని ఒకసారి, రెండోది మూసుకుని ఒకసారి, ఎదురుగుండా గడియారం చూత్తా పక్కన ఏం ఉందో చెప్పుకుంటే చాలు. నలభై దాటేక ఏడాదికోసారి ఎవరో ఒకరికి కళ్లు చూపించుకుంటే చాలు. అంత తేలికంట. ఇక్కడికొచ్చేక తెలిసింది, ఇక్కడ అందరికీ అన్నీ తెలుసు, పనికొచ్చేది మాత్రం లేదు."

"వదినా, నాకు తెలీదు."

"క్యాంపు సంగతి కూడా తెలీదా?"

చాప కదులుతుంది. మేం ఇప్పుడు బడి ముందున్నాం, కళ్ల డాక్టర్ల వ్యాను ఆగి ఉంది, వరసలో పేటంతా నిలబడి ఉన్నారు, అందరి ముఖాలూ నున్నగా ఉన్నాయి, ఒక్కొక్కరూ తమ కళ్లు గిన్నెల్లో పట్టుకుని ముందుకి జరుగుతున్నారు. వరస బయట వదిన నిలబడి నన్ను అడుగుతోంది, అప్పుడు అడిగినట్టే, అదే నీలం చీరలో: "నేను కూడా చూపించుకోనా?" ఆ రోజు నేను ఏం అన్నానో ఇప్పుడు కూడా నా నోరు దానంతటదే అంటుంది.

"అది ముసలాళ్ల శుక్లాలకి వదినా. నీకెందుకు?"

నా మాట చెల్లిపోయింది. ఆమె వెనక్కి తిరిగింది. ఎందుకన్నానంటే, ఆ వ్యానులో వేసే చుక్కలకి కంటిపాప విచ్చుకుని రోజంతా మసక కమ్ముతుందని నాకు ఎవరో చెప్పారు. బల్ల గుడ్డ ఆరు రోజుల్లో వెళ్లాలి. వదిన ఒక రోజు కూర్చోకపోతే నడి పువ్వు పూర్తి కాదు.

"ఒక్క రోజు," అంటుంది వదిన. కోపంగా అనదు. గుడ్డ కొలిచి చెప్పినట్టు అంటుంది. "ఒక్క రోజుకి నన్ను అమ్మేవు."

వరస లేదు, వ్యాను లేదు, మళ్లీ మా వరండా, కానీ చిన్నదైపోయింది, నాకు వదిన ముఖం, ఆమె చేతుల్లో సూది, ఒళ్లో గుడ్డ మాత్రమే కనిపిస్తున్నాయి, చుట్టూ ఏమీ లేదు, చీకటి కూడా లేదు. ఆమె గుడ్డ మీద వేళ్లు జరుపుతుంది. మూడు మూలలు పూర్తయ్యాయి. నాలుగోది సగంలో ఉంది.

"ఈ మూడు మూలలూ నేను అల్లలేదే," అంటుంది. "ఎవరల్లుతున్నారు?"

"ఎవరూ లేరు."

"చెయ్యి నాదిలాగే ఉంది."

"ఎవరూ లేరన్నాను కదా వదినా."

"ఎవరూ లేకపోతే," అంటూ గుడ్డ కింద నుంచి చిన్న సీసా తీసి, మూత మీద బొటనవేలు ఆనించి నాకు చూపిస్తుంది, "దీని మూత ఇంకా తడిగా ఎందుకుంది?"

నాకు పరిగెత్తాలని ఉంది, కాళ్లు లేసులో చిక్కుకున్నాయి. ఆమె మెల్లగా తన కళ్లు తీసేస్తుంది, ఒకటి, రెండు, సీసా పక్కన పెడుతుంది.

"నావి ఎలాగూ పోయేయి," అంటుంది. "బుట్ట తియ్యి. అడుగున చూడు. ఇంకో జత ఉంది."

నేను చూడను. చూడనంటే చూడను. కానీ మూత దానంతటదే లేస్తుంది, దారపు ఉండలు పక్కకి జరుగుతాయి, అడుగున రెండు కళ్లు, చిన్నవి, కాటుక పెట్టినవి, నన్ను అత్తా అని పిలిచే కళ్లు, ఇంకా నమ్మకంగా నా వైపే చూస్తున్నాయి.

*

మెలకువ వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. చాప మీదే గోడకి జారబడి నిద్రపోయాను. ఒళ్లో బల్ల గుడ్డ ఉంది, మూడు మూలలు పూర్తయినది. ఎదురుగా కిటికీలో, అగ్గిపెట్టె పక్కన, చిన్న సీసా.

మూడు వారాల కిందట నా కళ్లజోడు కోసం పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు వరసలో ఉన్నవాళ్లందరినీ ఒక నర్సమ్మ అడిగింది, ఎవరైనా మీ అంతట మీరు కొనుక్కుని చుక్కల మందు వాడుతున్నారా అని. ఎందుకు అడుగుతోందో కూడా చెప్పింది. కొన్ని రకాల చుక్కలు ఎరుపు తీసేస్తాయి గాని ఏళ్ల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందని, చూపు పక్కల నుంచి పోతుందని, పోయింది రాదని, మిగిలింది మాత్రం నిలబెట్టుకోవచ్చని. నేను సీసా పేరు చెప్పాను. అదేనమ్మా అంది. కళ్లజోడు తీసుకోకుండానే బస్సెక్కేశాను. ఎవరికీ చెప్పలేదు.

వంటింట్లో గ్లాసుల చప్పుడు. వదిన కూతురు ఎస్తేరు టీ పెడుతోంది. ముప్పై ఒక్కేళ్లది, తల్లి పోయాక నడి పువ్వు అల్లేది ఇదే. కళ్లు మండితే తల్లి సూదిపెట్టెలో దొరికిన సీసాతోనే చుక్కలు మొదలుపెట్టింది, అది అయిపోతే నన్ను అడిగింది.

చేతిలో రెండు గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. ఎడమ భుజం ద్వారబంధానికి టక్కున తగిలింది. టీ తొణికి గడప మీద పడింది.

"మీ గుమ్మాలు ఇరుకైపోతన్నాయత్తా," అని నవ్వింది.

నేను నవ్వలేదు.

"గ్లాసులు కింద పెట్టి కూర్చో ఎస్తేరూ. మధ్యలో మాట్లాడకు, మాట్లాడితే నేను ఆపేత్తాను. మీ అమ్మని చంపింది దుర్గారావు కాదు. నేను. కిటికీలో ఉన్న ఆ మందు ఏడు రోజులకి రాసింది, నాకు రాసింది. ఏడు రోజులు మించి వాడకూడదు, మళ్లీ చూపించుకోవాలి అని చీటీలో ఉంది. చదివేను. చదివి మడిచి మీ అమ్మకి నాలుగేళ్లు పోయించేను. ఆవిడ చూపు పక్కనుంచి పోయింది, అందుకే వ్యాను కనబళ్లేదు. క్యాంపు వచ్చినప్పుడు వెళ్లొద్దన్నది నేనే, ఇలాంటి గుడ్డ ఒకదాని కోసం. రేపు పొద్దున్న మొదటి బస్సుకి నిన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను, నీకు మిగిలింది నిలుత్తాదంట. అక్కణ్ణించి కోర్టుకెళ్లి దుర్గారావు సంగతి చెప్తాను. ఇంకోటుంది. మూడు వారాల కిందట నర్సమ్మ నాకు అంతా చెప్పింది. మొన్న శుక్రవారం నీకు తెచ్చిన సీసా, తెలిసే తెచ్చేను."