వెండితో సహా బరువు

నేను ఒక కాటాను. ఉల్లిగడ్డలు తూచే రకం అనుకునేరు, నా మర్యాద పోతుంది! పసిపిల్లల కాటాను. పైన కొక్కెం, కింద గుడ్డ ఉయ్యాల, మధ్యలో గుండ్రటి ముఖం మీద ఒక ముల్లు. ఆ ముల్లు తప్ప నాకు వేరే నోరు లేదు.

ఏదో కార్ఖానాలో పుట్టి, పెట్టెలో కుదుపులు తిని, చివరికి డాక్టర్ హేమలత చేతిలో పడ్డాను. బాలింతలు రోజూ పల్లిపట్టీ తింటే పిల్లలు బొద్దుగా పెరుగుతారా అన్నది ఆవిడ పరిశోధన. నెలనెలా నన్ను జీపులో వేసుకుని పాలమూరు పల్లెలకు వచ్చేది, దూలానికి వేలాడదీసేది. పిల్లలు నన్ను చూసి గుక్కపట్టేవారు, పైనుంచి తడిపేవారు. ఉద్యోగమన్నాక తప్పుతుందా!

కిష్టమ్మ ఇంట్లో మాత్రం నా పరువు పోయింది. ఆమె కోడలు శివలీలకు ఆడపిల్ల పుట్టింది. పిల్లను తొట్టెలో వేసిన రోజు మేనమామ వెండి మొలతాడు తెచ్చాడు. తర్వాతి నెల మేనత్త లావుపాటి కడియాలు తొడిగింది. ఆపై తాత గజ్జెలు. బట్టలు విప్పమంటే విప్పేవారు గానీ, వెండి జోలికి వెళ్తే కిష్టమ్మ ఊరుకుంటుందా?

"ఒంటిమీది ఎండి తీస్తే పిల్లకు దిష్టి తగుల్తది. అట్లనే జోకుండ్రి!"

డాక్టరమ్మ మొహమాటపడి అలాగే తూచింది. ఊరంతా అదే వరస. నా ముల్లు నెలనెలా ముందుకే జరుగుతుంటే ఆవిడ ఆనందం చూడాలి! "మా పల్లిపట్టీ మహత్యం!" అని జీపు డ్రైవరుకు కూడా చెప్పుకుంది.

"పిల్ల పాలు తాగుతలేదు మేడం, చిక్కిపోతున్నది" అంది శివలీల.

"బరువు పెరిగిందని కాటా చెబుతోంది కదమ్మా!"

ఛీ, నా బతుకు! దొంగసాక్ష్యం చెప్పడానికా పుట్టాను? ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ఆ పసిప్రాణం దక్కుతుందా అని నా స్ప్రింగు వణికిపోయింది.

ఆ మరుసటి నెల శివలీలకు ఒళ్లు మండింది. అత్త చూస్తుండగానే మొలతాడు, కడియాలు, గజ్జెలు ఊడబీకి పిల్లను ఉయ్యాలలో వేసింది. నా ముల్లు కిందటి నెలకన్నా బాగా వెనకే, పుట్టినప్పటి బరువుకు కాస్త ముందు ఆగిపోయింది.

"వామ్మో, నా తల్లి ఇంత బక్కగైందేందే!" అని కిష్టమ్మ గుండెలు బాదుకుంది. దిష్టి సంగతే మరిచి, "బండి తియ్యి డ్రైవరు సాబ్!" అంటూ అందరికన్నా ముందు తనే జీపెక్కింది.

డాక్టరమ్మ దారిలోనే పిల్ల నోరు తెరిచి చూసింది. నాలుక కింద పొర అతుక్కుపోయి పాలు చప్పరించలేకపోతోంది. ఆసుపత్రిలో చిన్న కత్తిరింపుతో పని అయిపోయింది. ఆ తర్వాత పిల్ల తల్లి రొమ్ము వదిలితే ఒట్టు!

ఊళ్లో పిల్లలందరినీ మళ్లీ ఒట్టి ఒంటితో తూచారు. పల్లిపట్టీ మహత్యం చాలావరకు వెండిదేనని తేలింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత శివలీల చేతులు పట్టుకుంది.

"తప్పైపోయిందమ్మా."

"ఇగ మీద ముందుగాల నన్నడుగుండ్రి మేడం. ఎనక కాటానడుగుండ్రి."

అంకెలు వెలిగే కాటాలొచ్చాక నన్ను సామాన్ల గదిలో పడేశారు. ఒళ్లంతా బూజు. అయినా శివలీల మాటకు నాకు కోపం రాలేదు. నేను తూచింది బిడ్డనూ వెండినీ కలిపి. రాత్రింబగళ్లు ఆమె ఎత్తుకున్నది బిడ్డను.