ఓడినవాడిది లాగుడు

సోఫాకి బట్ట ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు బట్ట కొసను రెండు చేతులా పట్టి ముడత పడకుండా లాగాలి, ఇంకొకడు ఆ బిగువు సడలేలోపు చెక్కకి మేకులు దిగ్గొట్టాలి. లాగేవాడికి వేళ్ళు వాస్తాయి, నడుము పట్టేస్తుంది, పేరు మాత్రం రాదు. సుత్తి పట్టినవాడు స్టూలు మీద దర్జాగా కూర్చుని టకటకా కొట్టేసి, సోఫా తీసుకెళ్ళేవాళ్ళు వచ్చినప్పుడు పనంతా తన చేతి చలవే అన్నట్టు తలెగరేస్తాడు. అందుకే ఒక సోఫాల షాపు నడిపే బావా బావమరిదీ ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గోడ, నిచ్చెన తలపడ్డ ప్రతిసారీ ఎవరి మనిషి ఓడిపోతే వాడిది లాగుడు, గెలిచినవాడిది సుత్తి. మళ్ళీ వాళ్ళిద్దరూ ఎదురుపడేదాకా అంతే, అప్పీలు లేదు.

గోడ, నిచ్చెన అంటే టెన్నిస్ ఆటగాళ్ళు. వాళ్ళకి కన్నవాళ్ళు పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి, టీవీలో అవే చెబుతారు కూడా. ఈ షాపులో మాత్రం ఆ పేర్లు చెల్లవు. నిచ్చెన బాగా పొడుగు, సర్వీసు కొట్టాడంటే బంతి కంటికి ఆనదు. గోడ పొట్టివాడు, ఎటు కొట్టినా, ఎంత గట్టిగా కొట్టినా బంతి తిరిగి వచ్చి తీరుతుంది. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి కప్పు ఒకరు లాక్కుంటున్నారు. ఇక్కడ వీళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి సుత్తి ఒకరు లాక్కుంటున్నారు.

బావది గోడ పక్షం. ఆయన్ని వీధంతా అంపైరు అని పిలుస్తుంది, అడిగినా అడక్కపోయినా ప్రతిదానికీ తీర్పు చెబుతాడని. నిచ్చెన సంగతి ఎత్తితే ఇక పట్టపగ్గాలుండవు.

"సర్వీసు కొట్టి పాయింటు పట్టుకెళ్ళిపోవడం ఒక ఆటంట్రా? పోస్టాఫీసులో ముద్రలు గుద్దినట్టు. అవతలివాడు బంతిని ముట్టుకోకుండానే గెలిచేవాడికి అసలు అవతలివాడెందుకు?" అనేవాడు.

బావమరిది నోట్లో మేకులు పెట్టుకునే జవాబిచ్చేవాడు. "మీవాడు గెలవడు బావా. ఎదుటివాడు విసుగొచ్చి ఓడిపోతాడు. మీవాడి ఆట చూడాలంటే దుప్పటీ దిండూ తెచ్చుకోవాలి."

సోఫాకి ఆ వైపొకరూ ఈ వైపొకరూ నిలబడి పొద్దస్తమానం ఇదే రామాయణం. పని మాత్రం ఆగేది కాదు. నిజం చెప్పాలంటే మాట పెరిగినరోజే బట్ట బాగా బిగిసేది.

అలాంటి బావమరిదికి గుండె ఆపరేషన్ అయింది. బాగానే జరిగింది, ఇంటికీ వచ్చేశాడు, నడవమన్నారు, నెమ్మదిగా తేలికపాటి పనులు మొదలుపెట్టమన్నారు. ఆయన మంచం దిగితేగా. కిటికీ పక్కన మంచం, తలాపున మాత్రల అట్టలు, గ్లాసుడు నీళ్ళు. నడవడానికని కొన్న కొత్త చెప్పులు మంచం కింద అట్టడుగున మట్టంటకుండా పడి ఉన్నాయి. పెళ్ళాం బతిమాలితే కళ్ళు మూసుకునేవాడు. ఇలా పడుకుంటే కుట్లు మానినా మనిషి మానడని డాక్టరమ్మ చెప్పింది. ఇంటిల్లిపాదికీ అదే బెంగ.

షాపులో ఆకుపచ్చ సోఫా ఒకటి సగంలో ఉండిపోయింది. ఒక చెయ్యికి బట్ట ఎక్కింది, రెండోది స్పాంజి బయటపెట్టుకుని అలాగే ఉంది. అంపైరు ఒక్కడే చేసి చూశాడు. బట్టని మోకాలితో తొక్కిపట్టాడు, పళ్ళతో లాగాడు, చివరికి మూలనున్న పాత సుత్తితో బొటనవేలి మీద కొట్టుకున్నాడు. ఎవరినైనా పెట్టుకోవచ్చు కదా అని పక్క షాపు టైలరు అడిగితే, "వాడెవడో వస్తాడు, టెన్నిస్ చూడడు, నేనెవరితో మాట్లాడను?" అన్నాడు. అసలు సంగతి అది కాదు. ఆ స్టూలు మీద ఇంకొకడు కూర్చుంటే తన బావమరిది ఇక రాడని ఒప్పుకున్నట్టేనని ఆయన భయం.

ఇక ఇంట్లో భార్య హుకుం ఒకటి. ఆమె ఆ బావమరిదికి అక్క. ఆసుపత్రిలో నర్సెవరో రోగుల దగ్గర గట్టిగా మాట్లాడొద్దన్న మాటను ఆమె పట్టుకుని, దానికి ఇంకొంచెం కలిపింది. "మా తమ్ముడి దగ్గర ఆ ఆట ఊసెత్తి వాదన పెట్టుకున్నారంటే మర్యాద దక్కదు. వాడేమంటే దానికి తలూపండి. వీలైతే వాడి మనిషిని నాలుగు మాటలు మెచ్చుకోండి, మీ సొమ్మేం పోయింది?"

సొమ్మేం పోలేదు గానీ అంపైరుకి ప్రాణం పోయినంత పనైంది. అయినా బావమరిది కోసం కదా అని సిద్ధపడ్డాడు. ఊరికే మెచ్చుకుంటే నమ్మడని, నిచ్చెన పాత మ్యాచ్‌లు ఫోనులో పెట్టుకుని చూశాడు. ఆ సర్వీసుకి ముందు బంతిని పైకి వేస్తాడే, అది గాలిలో ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డట్టు ఉంటుంది. ఇన్నేళ్ళూ అది కంటపడలేదేమిటా అనుకున్నాడు. బాగుంది అని తనలో తనే అనుకుని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

ఆ సాయంత్రం మంచం పక్కన కుర్చీ వేసుకుని గొంతు సవరించుకున్నాడు. "ఏరా, ఎంతైనా మీ నిచ్చెన గొప్పోడేరా. ఆ బంతి ఎగరెయ్యడం ఉంది చూశావూ, అది అందరికీ అబ్బేది కాదు."

బావమరిది తల తిప్పి బావ ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత అటు తిరిగి పడుకున్నాడు.

మరుసటి రోజు ఇంకొంచెం మెచ్చుకున్నాడు. ఆ తర్వాతి రోజు, మన గోడకి అంత పనితనం ఎక్కడిది అని కూడా అనేశాడు. వెళ్ళిన ప్రతిసారీ బావమరిది ఇంకాస్త ముడుచుకుపోయాడు, తిండి కూడా తగ్గించాడు. ఇంత తీయగా మాట్లాడుతుంటే మనిషి ఇలా అయిపోతున్నాడేమిటో అంపైరుకి అంతుపట్టలేదు.

వారం మధ్యలో ఒక పొద్దున బావమరిది భార్య షాపుకి వచ్చింది. చేతిలో చిన్న గుడ్డమూట. అందులో పోయినసారి ఆయన గెలుచుకున్న సుత్తి ఉంది. పిడి అరచేతి చెమటతో నునుపు తేలిన సుత్తి, తన వంతు ఉన్నన్నాళ్ళూ ఆయన ఇంకొకళ్ళని ముట్టనిచ్చేవాడు కాదు, రోజూ ఇంటికి తీసుకెళ్ళేవాడు.

"అన్నయ్యా, ఇది మీకిచ్చెయ్యమన్నారు" అంది.

"నాకెందుకమ్మా?"

"ఇక దాంతో పనిలేదంట. డాక్టరమ్మ మీకేదో చెప్పిందంట, మీరు దాస్తున్నారంట. ఏముందని దాస్తారు అని అడిగితే, 'మా బావ నోటంట నిచ్చెన గొప్పోడనే మాట వచ్చిందంటే నాకు రోజులు దగ్గర పడ్డట్టే. పోయేవాళ్ళ దగ్గరే అట్లా మాట్లాడతారు' అంటున్నారు. నిజం చెప్పండి అన్నయ్యా. నాకైనా చెప్పండి."

అంపైరు స్టూలు మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కలిసి వచ్చాయి. "నన్ను చెప్పుచ్చుకు కొట్టాలమ్మా. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇదంతా మీ వదిన సలహా, నా తెలివితక్కువ" అన్నాడు.

అయినా ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిదని అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. "ఆయనతో వాదించొచ్చాండి?" అని అడిగాడు.

"దేని గురించి?" అంది డాక్టరమ్మ.

"టెన్నిస్ గురించండి."

సోఫాల పని సంగతి ముందే విన్న ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. "బరువులు ఎత్తకూడదు, లాగకూడదు, నెట్టకూడదు. చిన్న సుత్తితో కూర్చుని కొట్టుకునే పనైతే చేసుకోవచ్చు. నోటికి నేనేమీ పథ్యం పెట్టలేదే."

ఆ మాటతో అంపైరుకి ఎక్కడలేని బలం వచ్చింది. తిన్నగా బావమరిది మంచం దగ్గరికెళ్ళి సుత్తిని దుప్పటి మీద పెట్టాడు.

"నువ్వేం పోవట్లేదు. అబద్ధాలాడింది నేను. మీ అక్క ఆడమంది. నిచ్చెన ఒక ముద్రలు గుద్దే గుమస్తా, నిన్నా అంతే, రేపూ అంతే."

బావమరిది పెదవి ఒకవైపు కదిలింది. తర్వాత మళ్ళీ నీరుగారిపోయాడు. "సరే, పోను. ఉండి మాత్రం ఏం చెయ్యను? లాగుడు ఇక నావల్ల కాదు. సుత్తి నువ్వు జాలిపడి ఇస్తే పట్టుకోలేను. ఇన్నేళ్ళు గెలుచుకుని పట్టుకున్నాను బావా."

అదీ అసలు రోగం. అంపైరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "జాలి ఎవడికిరా? ఆదివారం ఫైనల్. గోడా నిచ్చెనా. మీవాడు గెలిస్తే సుత్తి నీది, సోమవారం పొద్దున షాపులో ఉండాలి."

"ఓడితే?"

"ఓడితే లాగుడు."

"లాగలేను కాబట్టి రాను" అన్నాడు బావమరిది. సుత్తిని బావ వైపు తోసేశాడు. "గెలిచేదాకా ఇది నీ దగ్గరే ఉంచు."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురూ ఆ గదిలో టీవీ ముందు చేరారు. బావమరిది దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన అంతసేపు కూర్చోవడం అదే మొదలు. అంపైరు అలవాటు ప్రకారం గోడకి చప్పట్లు కొట్టాడు, నిచ్చెనని తిట్టాడు, బావమరిది ప్రతిదానికీ బదులిచ్చాడు, అక్క మధ్యలో మొగుణ్ణి ఉరిమి చూసింది. పైకి అంతా బాగానే ఉంది. లోపల మాత్రం అంపైరు నానా అవస్థా పడుతున్నాడు. ఒరేయ్ గోడా, ఈ ఒక్కసారికి ఓడిపోరా, నీకు ఇంట్లో అన్ని కప్పులున్నాయి, నాకు ఉన్నది ఒక్క బావమరిది అని మనసులోనే వేడుకుంటున్నాడు.

గోడ వింటేగా. చావగొట్టినా వదలని రకం కాబట్టే అంపైరు వాణ్ణి అంతగా అభిమానించాడు, ఇప్పుడు ఆ గుణమే కొంప ముంచేలా ఉంది. నిచ్చెన మొదటి సెట్టు తీసుకున్నాడు. రెండోది గోడ లాక్కున్నాడు. ఆఖరి సెట్టు సరిసమానంగా నడిచి టైబ్రేక్‌కి వచ్చింది. నిచ్చెన నెట్ దగ్గరికి వచ్చి మూలకి కొట్టాడు, ఆ పాయింటు అయిపోయిందని గదిలో అందరూ అనుకున్నారు. గోడ ఎక్కణ్ణుంచి వచ్చాడో, పడుతూ లేస్తూ రాకెట్ అడ్డుపెట్టాడు. బంతి నిచ్చెన తల మీదుగా లేచి, వెనక గీత మీద పడింది. ఆట అయిపోయింది.

టీవీలో జనం లేచి నిలబడ్డారు. గోడ నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అంపైరు కుర్చీలో కదల్లేదు. చేతిలో చల్లారిన టీ అలాగే ఉంది.

"బావా" అన్నాడు బావమరిది. "మీవాడు కప్పు గెలిచాడు. నవ్వవేంటి?"

"నవ్వుతున్నాను కదరా."

"అది నవ్వా? నీ ముఖం చూస్తే నీవాడు ఓడిపోయాడనుకుంటారు."

అంపైరు టీ కప్పు కింద పెట్టేశాడు. ఇక ఆపుకోలేకపోయాడు. "వాడు ఓడాలని కోరుకున్నానురా. పొద్దుటినుంచీ అదే కోరుకున్నాను. నువ్వు లేకుండా నాకు షాపు తలుపు తియ్యబుద్ధి కావట్లేదు. ఆ ఆకుపచ్చ సోఫా వైపు చూడలేకపోతున్నాను." పంచె చెంగు కోసం తడుముకుని, తొడుక్కున్నది ప్యాంటని గుర్తొచ్చి, చొక్కా చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

బావమరిది టీవీ వైపే చూస్తున్నాడు. చివరికి, "ఆ ఆఖరి బంతికి నిచ్చెన అంత ముందుకి వచ్చి ఉండకూడదు. రెండడుగులు వెనక ఉంటే అందేది" అన్నాడు.

"ఉన్నా అందదు" అన్నాడు అంపైరు ముక్కు చీదుకుంటూ. "అంత పొడుగు మనిషి వంగి లేచేలోపు తెల్లారుతుంది."

"నీకు ఆట తెలిస్తేగా."

చీకటి పడేవరకూ ఆ ఒక్క బంతి గురించే వాదించుకున్నారు. అక్క ఈసారి అడ్డుపడలేదు. రేపు వస్తావా అని అంపైరు అడగలేదు. వస్తానని ఆయనా చెప్పలేదు.

సోమవారం అంపైరు షాపు తెరిచి, సోఫా మీది దుమ్ము దులిపి, ఏం చెయ్యాలో తోచక మేకుల డబ్బా సర్దుతున్నాడు. వీధిలో చెప్పుల చప్పుడు వినిపించింది, మెల్లగా, ఆగి ఆగి. తలెత్తితే గుమ్మంలో బావమరిది. పక్కన ఆయన భార్య. కాళ్ళకి ఆ కొత్త చెప్పులే, కొత్తగా మట్టి అంటి ఉన్నాయి.

ఆయన నేరుగా వచ్చి, సోఫాకి లాగేవాడి వైపు నిలబడ్డాడు. బట్ట కొసను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "ఓడింది నేను. ఇటు నాది. బలం పెట్టలేను, పట్టుకుని నిలబడతాను."

"పట్టుకుని నిలబడితే బిగుస్తుందా?" అంటూ అంపైరు చుట్టూ తిరిగి ఆయన పక్కకి వచ్చాడు. బట్ట కొస ఆయన వేళ్ళలోంచి తీసుకుని రెండు చేతులా పట్టి లాగాడు. ముడతలన్నీ పోయి బట్ట నున్నగా సాగింది. ఇద్దరూ ఒకే వైపు ఉన్నారు. అవతల స్టూలు ఖాళీగా ఉంది, దాని మీద సుత్తి ఉంది.

"అక్కడ కొట్టేదెవరు?" అన్నాడు అంపైరు. "నా వేళ్ళు లాగేస్తున్నాయి, త్వరగా తేల్చు."

"సుత్తి గెలిచినవాడిది. జాలి వద్దని చెప్పాను."

"గెలిచింది నేనే కదా. సుత్తి నాదే కదా. నువ్వే పంపించావు కూడా. నా సుత్తి నా ఇష్టం, ఎవరికైనా అరువిస్తాను." అంపైరు బట్ట వదల్లేదు. "జాలి కాదురా, అరువు. వాళ్ళిద్దరూ మళ్ళీ తలపడేదాకా. అప్పుడు గెలిచి తీర్చు."

బావమరిది ఆ స్టూలు వైపు చూశాడు. ఒక చేత్తో సోఫా వీపు పట్టుకుని, నెమ్మదిగా అటు నడిచి, సుత్తి తీసి కూర్చున్నాడు. డబ్బాలోంచి నాలుగు మేకులు ఏరి నోట్లో పెట్టుకున్నాడు.

"మళ్ళీ తలపడితే నిచ్చెనదే" అన్నాడు మేకుల మధ్యనుంచి.

"వాడి మొహం" అన్నాడు అంపైరు, ఇంకొంచెం బిగించి లాగుతూ.

మొదటి మేకు దిగింది.