అబూ హలీఫా వైపు ఒరిగిన రక్తం

పొద్దున లాబ్ తలుపు తెరవగానే టెక్నీషియన్ అబ్దుల్ బాసిత్ చేసే మొదటి పని, ముందురోజు వచ్చిన రక్తం గొట్టాలను దిక్కుల ప్రకారం సర్దుకోవడం. మనిషి మనసు ఎటుంటే గొట్టంలో రక్తం అటు ఒరుగుతుంది కదా. ఈజిప్టు వాళ్ళది పడమటి గోడ వైపు, మన తెలుగువాళ్ళది తూర్పున సముద్రం కనిపించే కిటికీ వైపు. కువైటీలది మామూలుగా సమంగానే నిలబడుతుంది, చలికాలంలో మాత్రం ఎడారిలో గుడారాలు వేసుకున్న దిక్కుకు కాస్త వంగుతుంది. సర్దకుండా పెడితే ఒకటి ఇటూ ఒకటి అటూ ఒరిగి మూతలు తడుస్తాయి, మిషన్ అలిగి కూర్చుంటుంది. అందుకని బాసిత్ చాయ్ తాగడం కూడా ఆ పని అయ్యాకే.

కువైట్‌లో, సాల్మియాలోని ఆ లాబ్‌లో డాక్టర్ అరుణజ్యోతిది ఇరవై ఏళ్ళ ఉద్యోగం. అమలాపురంలో పుట్టి, కాకినాడలో వైద్యం చదివి, రోగుల కంటే రోగాలే ఎక్కువ నచ్చి పరిశోధనలోకి వచ్చిన మనిషి. ఆవిడ పట్టుకున్నవి మనిషిని ఒక్కసారిగా పడగొట్టే కాన్సర్లు కావు. ఏళ్ళ తరబడి రక్తంలో కాపురం చేసే రకం. రోజుకో మాత్రతో వాటిని అదుపులో పెట్టొచ్చు. కొందరికి మాత్రం కొన్నాళ్ళకు మాత్ర పనిచేయడం మానేస్తుంది. ఎందుకు మానేస్తుంది అన్న ఆ ఒక్క ప్రశ్నతోనే ఆవిడ తల సగం నెరిసింది. రక్తం ఒరగడం గురించి మాత్రం ఆవిడ ఎన్నడూ ఒక్క ముక్క రాయలేదు. అందరికీ తెలిసిన సంగతి మీద పరిశోధన పత్రం రాస్తే ఎవరు వేసుకుంటారు? ఉద్యోగుల పరీక్షల్లో మేడమ్ రక్తం మైక్రోస్కోపు దిక్కుకే ఒరిగిందని బాసిత్ ఊరంతా చెప్పినా నవ్వి ఊరుకుంది.

అలాంటి ఆవిడకు సుభాన్ దొరికాడు. రాయచోటి మనిషి, నలభై అయిదు దాటినవాడు, భార్య పోయి చాలా కాలమైంది. సబ్హాన్ అనే ఇండస్ట్రియల్ ఏరియాలో, సొట్టలు పడ్డ కార్లు బాగుచేసే డెంటింగ్ వర్క్‌షాపులో పని. మూడేళ్ళు మాత్ర అతనికి బ్రహ్మాండంగా పనిచేసింది. ఉన్నట్టుండి తెల్లకణాలు పెరగడం మొదలుపెట్టాయి. జన్యు పరీక్షలు చేస్తే ఏ లోపమూ లేదు. రక్తంలో మందు ఎంతుందో చూస్తే, ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది.

"రోజూ వేసుకుంటున్నారా అండీ?" అని ఆవిడ అడిగింది.

"దినామూ మింగుతాండా మేడమ్. ఒక్క దినం తప్పితే ఒట్టు," అన్నాడు సుభాన్. అతను అబద్ధమాడే మనిషి కాదని ఆవిడకు తెలుసు. ఖాళీ అయిన మాత్రల అట్టలు కూడా లెక్కకు సరిపోయాయి.

మరి మందు ఎటు పోతోంది? అరుణజ్యోతికి తిండి సహించలేదు. ఇతని ఒంట్లో మందును కాల్చేసే గుణం ఏదో ఉంది, ఇంతవరకూ ఎవరూ చూడనిది. ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన కేసు ఇదేనని ఆవిడ గట్టిగా నమ్మింది. జర్మనీలో జరిగే సదస్సుకు వ్యాసం పంపితే వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. ఆవిడ కొత్త చీర కొనుక్కుంది.

సుభాన్ సంగతి మాత్రం అంత సంబరంగా లేదు. ఆదివారం డాక్టర్లు కూర్చుని అతన్ని పెద్ద మందుకు మార్చబోతున్నారు. దాంతో రక్తనాళాలు పూడుకుపోయే ముప్పు ఉంది. సుభాన్ గుండెలో అప్పటికే ఒక స్టెంటు ఉంది. మార్చకపోతే జబ్బు ముదురుతుంది, మారిస్తే గుండె ఆగినా ఆగొచ్చు. ఇంకో దారి లేదని అందరూ అనుకున్నారు.

గురువారం అతని రక్తం వచ్చింది. ఆవిడ కంప్యూటర్‌లో అంకెలు చూస్తుంటే బాసిత్ గొట్టాన్ని పట్టుకెళ్ళి ఫ్రిజ్ పక్కన విడిగా పెట్టాడు.

"అదేంటి, తెలుగువాళ్ళ దగ్గర పెట్టలేదే?"

"ఈ అన్నది కిటికీ దిక్కు ఒరుగుతలేదు మేడమ్. రంజాన్ పోయినకాన్నుంచి దక్షిణం దిక్కే. మీకు తెల్వదా?"

ఆవిడకు తెలీదు. అంకెలు చూసేవాళ్ళు గొట్టాలు ఎక్కడ చూస్తారు? పాత రిపోర్టులు తెరిచి చూసుకుంది. కణాలు పెరగడం మొదలైందీ రంజాన్ తర్వాతే. మందు తగ్గడం, మనసు మళ్ళడం ఒకే నెలలో! సుభాన్‌కి ఫోన్ చేసి దక్షిణాన ఎవరున్నారని అడిగితే, "నాకెవురుండారు మేడమ్, పని ఉండాది" అని పెట్టేశాడు. దాంతో ఆవిడ కుతూహలం ఇంకాస్త ముదిరింది.

శుక్రవారం పొద్దున బాసిత్ కారు నడుపుతుంటే ఆవిడ పక్కన కూర్చుని గొట్టాన్ని చేత్తో నిలువుగా పట్టుకుంది. ఫహాహీల్ రోడ్డు మీద దక్షిణానికి పోతున్నంతసేపూ రక్తం ముందుకే వంగి ఉంది.

"మేడమ్, ఇది ఉత్త ప్రేమ కథ అయితే?"

"అయితే నా వ్యాసానికి ఢోకా లేదు. హాయిగా జర్మనీ వెళ్తాను," అంది. మనసులో అలాగే కావాలని కూడా అనుకుంది.

ఫింతాస్ దాటాక రక్తం మెల్లగా ఎడమకు జరిగింది. అబూ హలీఫాలో లోపలి వీధులు తిరిగి ఒక రెండంతస్తుల ఇంటి ముందుకు వచ్చేసరికి మూత దాకా ఎగబాకింది. వాకిట్లో ఒకామె పైపు పెట్టి నేల కడుగుతోంది. కుడిచేత్తో పైపు పట్టుకుని, ఎడమచేత్తో పక్కటెముకల కింద ఒత్తుకుంటోంది. అరుణజ్యోతి ఆ చేతినే చూసింది. ప్లీహం ఉబ్బిన రోగులు సరిగ్గా అక్కడే ఒత్తుకుంటారు.

"నేను సుభాన్ గారి డాక్టర్నండి."

ఆమె పైపు వదిలేసింది. "ఆయనకేమన్నా అయిందా?" అంటూనే ఇంటి తలుపు వైపు చూసింది. "మెల్లగా మాట్లాడమ్మా. మామా, అదే ఈ ఇంటి యజమానమ్మ, వింటే నన్ను అన్‌ఫిట్ అని ఊరికి పంపించేస్తాది."

ఆమె పేరు షరీఫా బీ. ఆమెదీ రాయచోటే, భర్త పోయాక వంటపనికి వచ్చింది. రంజాన్‌లో ఇఫ్తార్ గుడారం దగ్గర సుభాన్ పరిచయమయ్యాడు. ఊరు ఒకటే అని తెలిశాక శుక్రవారాల్లో సముద్రం ఒడ్డున కాసేపు కూర్చునేవాళ్ళు. అప్పుడే ఆమెకు ఒళ్ళంతా చెమటలు, నీరసం, ఎడమపక్క బరువు మొదలయ్యాయి. మనిషి చిక్కిపోయింది.

"అచ్చం నాకూ మొదట్లో ఇట్లనే ఉండె అన్న్యాడు. నాకు పనిచేసిన మందు నీకెందుకు పనిచేయదు అని మాత్రలు తెచ్చిస్తాండాడు. ఆస్పత్రోళ్ళు ఆయనకు ఎక్కువే ఇస్తారంట గదా?"

రుమాలు మూట విప్పి చూపించింది. అన్నీ సగం మాత్రలు. ఇనుము కోసే రంపంతో కోసినట్టు అంచులు గరుగ్గా ఉన్నాయి. మందు ఎటు పోతోందో అరుణజ్యోతికి అర్థమైంది. దినామూ మింగుతాండా అన్నాడు, నిజమే, దినామూ సగం. జర్మనీ, కొత్త చీర, ఇరవై ఏళ్ళు, అన్నీ ఆ రుమాల్లో మూటగట్టి కనిపించేసరికి ఆవిడకు ఏడుపొచ్చినంత పనయింది. కాసేపు షరీఫా బీ మీద కోపం కూడా వచ్చింది.

షరీఫా బీ మాత్రం వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపే మనిషి కాదు. వంటింటి వెనక కూర్చోబెట్టి రెండు గ్లాసుల నిండా నురగతో పాలు తెచ్చింది. "ఒంటె పాలు. పొద్దున్నే ఎడారిలో వీళ్ళ మంద దగ్గర్నుంచి వచ్చినాయి. దినామూ తాగుతాం. కాగబెట్టకూడదంట, బలం పోతాదంట."

అరుణజ్యోతి గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆగిపోయింది. పచ్చి పాలు. చెమటలు, నీరసం, ఉబ్బిన ప్లీహం. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు, కళ్ళు మెరిశాయి. "మీ మామాకు కూడా చెమటలు పడుతున్నాయా?"

"పెద్దతనం అనుకుంటాంది. రాత్రుళ్ళు ఏసీ తగ్గించమని నన్నే తిడ్తాది."

"బాసిత్, తాగకు!" అని తిరిగేసరికి బాసిత్ మూతి తుడుచుకుంటున్నాడు.

"మస్తుగున్నయి మేడమ్," అన్నాడు పాపం.

కారులోంచి సూది తెచ్చి అతనే ఆమె రక్తం తీశాడు. గొట్టం నిలబెట్టగానే రక్తం వాయవ్యానికి, సబ్హాన్ వైపు ఒరిగింది. బాసిత్ పైకి చూశాడు, అరుణజ్యోతి కిందికి చూసింది. షరీఫా బీ ఆ గొట్టాన్నే చూసి తలమీద కొంగు సర్దుకుంది.

ఆ సాయంత్రమే డాక్టర్లకు సగం మాత్రల సంగతి చెప్పేసి, పెద్ద మందు మాట ఆపించింది. తర్వాత జర్మనీకి నాలుగు వాక్యాలు రాసి వ్యాసం వెనక్కి తీసుకుంది. పంపాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. బాధగానే ఉంది మరి.

పరీక్షలు తేలాక ఇద్దరినీ లాబ్‌కు పిలిపించింది. షరీఫా బీని తీసుకొచ్చింది వాళ్ళ మామానే, ఆమె కూడా పరీక్ష చేయించుకుని కింద ఫార్మసీలో మందులు తీసుకుంటోంది.

"షరీఫా గారూ, మీకు కాన్సర్ లేదండి. పచ్చి పాలతో వచ్చే మాల్టా జ్వరం. ఆరు వారాలు మందులు వాడితే పోతుంది. ఈ మాత్రలు మీకు అక్కర్లేదు. అసలు వేసుకోకూడదు."

షరీఫా బీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సుభాన్ అల్లాకు శుక్రియా చెప్పుకున్నాడు. ముఖం వెలిగింది, వెంటనే వాడింది.

"అయితే ఇంక శుక్రవారం మాత్రలు తెచ్చే పనిలేదా మేడమ్?" అన్నాడు. అతని భయం ఏమిటో గదిలో అందరికీ తెలిసిపోయింది.

"నువ్వు నాకిచ్చింది నీ మాత్రలోదేనంట గదా?" షరీఫా బీ అతని వైపు తిరిగింది. "మేడమ్ చెప్పింది. గుండె ఆగే మందు పెట్టబోయిరంట నీకు. నీకేమన్నా అయ్యుంటే నేనేం గావాల సుభానూ? ఒక్క మాట చెప్పకుండా నీ ప్రాణం కోసి నాకు పెడ్తావా?"

"నువ్వు యాడ పోతావో అని భయమేసింది."

"నాకిప్పుడు అదే భయం. నీ మాత్రలన్నీ నా కాడ పెట్టు. దినామూ వచ్చి నా ముందరే మింగిపో."

"సబ్హాన్ నుంచి దినామూ ఎట్ల వచ్చేది? వర్క్‌షాపు వదిలేసరికే పొద్దుపోతాది."

"అయితే నిఖా చేసుకో. మామాతో నేను మాట్లాడతా."

బాసిత్ చేతిలోని కప్పులోంచి చాయ్ ఒలికింది. అరుణజ్యోతి లేచి గ్లాసులో నీళ్ళు పోసి సుభాన్ ముందు పెట్టింది. అతను అట్ట చింపాడు. చాలా నెలల తర్వాత, షరీఫా బీ చూస్తుండగా, నిండు మాత్ర నోట్లో వేసుకున్నాడు.