రెండో ప్లేటులో తొవ్వ లేదు

ఎల్లస్వామి గొంతు పోయిందన్నది ఎవరు? గ్రామఫోను ప్లేట్ల కంపెనీ వాళ్లా? ఆ గొంతు పిసికింది వాళ్లే గదా! నల్గొండ బస్టాండు హోటల్లో కూర్చొని, చాయ్ చప్పరిస్తూ, "రెండోది మొదటి ప్లేటు లెక్క లేదబ్బా" అని పెదవి విరిచిన పెద్దమనుషులారా, మీరూ తక్కువేం తినలేదు. ఆ పాట ఎందుకు పుట్టిందో మీలో ఒక్కడైనా అడిగాడా? జానయ్య కాలు నలిగిన పాపంలో అందరికీ తలా ఇంత వాటా ఉంది. ఎట్లా అంటారా, వినండి.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా రాతికట్ట లేస్తున్న రోజులవి. ఎల్లస్వామిది ఆలంపూర్ పక్కన చిన్న పల్లె. రెండేళ్లు వరసగా వానలు ఎగ్గొడితే భార్య ఈదమ్మను వెంటబెట్టుకుని పాలమూరు జట్టుతో కట్ట పనికి వచ్చాడు. ఈదమ్మ కంకర తట్ట ఎత్తేది. ఎల్లస్వామి దూలం మోసేవాడు. బండరాయికి గొలుసులు చుట్టి, వాటిలో దూలం దూర్చి, ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు భుజాలకు ఎత్తుకుని ఎత్తుబాట మీద కట్ట పైకి నడవాలి. వెనుకవాళ్ల కళ్లకు రాయి అడ్డం. కాలి కింద గుంత ఉందో గులకరాయి ఉందో తెలియదు. అందుకని ముందువాడు చూసి చెప్పాలి. ఊరికే చెబితే నాలుగు అడుగులు కలవవు. పాడి చెప్పాలి.

ముందు నడిచేది ఎల్లస్వామి. సరిగ్గా అతని వెనుక, రాయికి అవతల, జానయ్య. వరసకు మామ. యాభై దాటినవాడు, దగ్గు మనిషి.

"జర పైలం జానమామా!"
"హూ!"
"ఎడమదిక్కు గుంతున్నది!"
"హూ!"
"కుడికి జరుగు, కుడికి జరుగు!"
"హూ!"
"కిష్ణమ్మకు కట్ట గడదాం!"
"హూ!"

హూ అన్నప్పుడల్లా నాలుగు కాళ్లు ఒక్కసారే పడతాయి. ఇది నేర్చుకున్న పాట కాదు. పొద్దున పాడింది మాపటికి ఉండదు. బాట మారితే పాట మారుతుంది. ఎండ ఎక్కువైతే ఎండను తిడతాడు. మేస్త్రీ ఎదురొస్తే మేస్త్రీ మీసాన్ని పాటలో దూరుస్తాడు. వెనుకవాళ్లు నవ్వుతూ మోస్తారు.

హైదరాబాదు నుంచి ప్లేట్ల ఏజెంటు అమరేందర్ కట్ట చూడ్డానికి వచ్చి ఈ పాట విన్నాడు. నెల తిరగకుండా జీపులో పాట పట్టే మిషను వేసుకుని మళ్లీ వచ్చాడు. వాళ్లు రాయి దించలేదు, అతను దించమనలేదు. మైకు చేత్తో పట్టుకుని చెమటలు కారుతుండగా పక్కనే ఉరికాడు. పాటలో ఆ పూట ఎడమ గుంత, 'కుడికి జరుగు' పడ్డాయి. గొలుసుల చప్పుడు పడింది. నాలుగు జతల పాదాల చప్పుడు పడింది. నడుమ జానయ్య దగ్గు కూడా పడింది.

ఆ ప్లేటు ఎట్లా మోగిందనుకున్నారు! పెండ్లి పందిట్లో అదే, టెంటు సినిమాలో ఆట మొదలయ్యే ముందు అదే. నల్గొండ హోటల్లోనైతే ఆ దగ్గు ఎక్కడ వస్తుందో జనానికి కంఠతా వచ్చింది. ప్లేటు దగ్గకముందే గిరాకీలంతా కలిసి దగ్గేవాళ్లు.

"సూసినవా, నీ పాటకన్న నా దగ్గుకే పేరెక్కువ," అని జానయ్య మురిసిపోయేవాడు.

"దగ్గినందుకు బీడీ కట్ట అడుగుపో మామా," అనేది ఈదమ్మ.

ఏడాదిన్నర గడిచాక కంపెనీ నుంచి కబురు వచ్చింది. రెండో ప్లేటు కావాలి. ఈసారి మద్రాసులో, పెద్ద గదిలో, పెద్ద వాద్యాలతో. ఎల్లస్వామి ఒక్కడే రావాలి.

"మావోళ్లు రారా సారూ?"

"హూ అనేవాళ్లు అక్కడ బోలెడుమంది ఉన్నారయ్యా," అన్నాడు అమరేందర్.

జానయ్య గలగలా నవ్వాడు. "నా దగ్గు ఎవడు దగ్గుతడు సారూ ఆడ?"

మద్రాసు గది గోడలకు మెత్తలు కుట్టి ఉన్నాయి. ఆరు ఫిడేళ్లు, ఒక క్లారినెట్టు, వెనుక పట్టుచీరల్లో నలుగురు ఆడపిల్లలు. సంగీతం మాస్టరు రాసి తెచ్చిన పాటను అమరేందర్ చదివి వినిపించాడు. 'శిలలను మోసే శ్రమజీవీ, సీమకు నీవే చిరంజీవీ' అని మొదలవుతుంది. ఎల్లస్వామి అంతా విన్నాడు.

"ఏ తొవ్వల పోతున్నం సారూ?" అని అడిగాడు.

"తొవ్వేమిటి, దారా?" అన్నాడు మాస్టరు.

"అంటె, ఎక్కుడా, దిగుడా? ఎనుకటోళ్లకు ఏం జెప్పాలె?"

"వెనక ఎవరూ లేరయ్యా. కాయితంలో ఉన్నది పాడు, చాలు. ఆ తొవ్వ, జర, పైలం లాంటి ముక్కలు మాత్రం దొర్లనీయకు. నాలుగు జిల్లాలవాళ్లు వినాలి."

ఆడపిల్లలు 'హైలెస్సా' అందుకున్నారు. ఎల్లస్వామికి ఒళ్లు మండింది. "అది పడవలోళ్ల మాటమ్మా. మేము రాయి మోసెటోళ్లం," అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. రెండుసార్లు పాడబోయాడు. పాట లేవలేదు.

"సారూ, ఓ రాయన్న తెప్పియ్యుండ్రి. బుజం మీద బరువు లేకుంటె ఊపిరి ఆడుతలేదు."

గది గదంతా గొల్లుమంది. ఫిడేలు వాయించే వాడొకడు లేచి, ఖాళీ ఫిడేలు పెట్టె తెచ్చి అతని భుజం మీద పెట్టాడు. "ఇదిగో నీ రాయి, పాడు నాయనా!" అన్నాడు. ఎల్లస్వామి ఆ పెట్టె మోస్తూనే పాడాడు. ఎదురుగా గోడ. చూసి చెప్పడానికి దాని మీద ఏముంది?

ప్లేటు వచ్చిందని తెలిసి, అమావాస్య సెలవు నాడు ఈదమ్మను తీసుకుని నల్గొండ పోయాడు. హోటల్లో ఓ మూల ఇద్దరూ కూర్చున్నారు. అతన్ని అక్కడ ఎవరు గుర్తుపడతారు? ప్లేటు తిరిగింది. ఫిడేళ్లు కుయ్యోమన్నాయి. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు తన గొంతే తనకు వినిపించింది.

"గిదేందివయా? పెండ్లికొడుకు ఏడ్చినట్టున్నది!" అన్నాడు ఒకడు.

"దగ్గు ఏడున్నదిర?" అన్నాడు ఇంకొకడు.

"వాని గొంతు పోయిందట. ఒక్క పాటకే అయిపాయె. తీసెయ్, తీసెయ్, పాతదే పెట్టు."

పాతది పెట్టారు. అందరూ కలిసి దగ్గారు. ఎల్లస్వామి చాయ్ తాగకుండా లేచాడు. బస్సులో ఈదమ్మ, "ఆళ్లకేం ఎరుక? నువ్వు దిగులు వడకు," అంది.

ఆ రోజు మూసిన నోరు మళ్లీ తెరవలేదు. దూలం ముందు నిలబడతాడు, ఎత్తుతాడు, నడుస్తాడు. పాడమంటే తల అడ్డంగా ఊపుతాడు. జట్టు అడుగులు తప్పసాగాయి, పని మందగించింది. మేస్త్రీ కృష్ణయ్య బుర్రలో అప్పుడు మెరిసింది ఓ గొప్ప ఉపాయం. ఎత్తుబాట మొదట్లో గుంజ పాతి, దానికి మైకు కట్టి, పాత ప్లేటు తిప్పడం మొదలుపెట్టాడు.

"నీ నోరు పనిజెయ్యకపోతేంది? నీ ప్లేటు పనిజేస్తది," అన్నాడు.

చెప్పుదెబ్బ కంటే ఎక్కువైన మాట. అది కూడా ఎల్లస్వామి దిగమింగాడు.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో నాడు, ముందు రాత్రి కురిసిన వానకు ఎత్తుబాట కుడి అంచు కొట్టుకుపోయింది. ఎల్లస్వామి నాలుగు అడుగుల దూరం నుంచే చూశాడు. కుడివైపు మట్టి లేదు. నోరు తెరిచాడు. హోటల్లో మాటలు చెవుల్లో గిర్రున తిరిగాయి. ఆ ఒక్క క్షణంలోనే గుంజ మీది మైకు అతని గొంతుతోనే, అతనికంటే గట్టిగా, 'కుడికి జరుగు, కుడికి జరుగు' అంది.

వెనుకవాళ్లు కుడికి జరిగారు.

"వద్దు మామా!" అని ఎల్లస్వామి కేక వేసేసరికి జానయ్య కాలు జారింది. దూలం ఒరిగింది. గొలుసు వదులైన రాయి దొర్లి అతని పాదం మీద పడింది.

దవాఖానలో కట్టు కట్టి పడుకోబెట్టారు. కాలు నిలుస్తుందో లేదో వారం దాకా చెప్పలేమన్నాడు డాక్టరు. ఎల్లస్వామి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాడు.

"మైకు మాట ఎందుకిన్నవ్ మామా?"

"మైకుదా? నీ మాటనే ఇన్నర. నీ గొంతు జరుగుమంటె నా కాలు ఆగుతదా?" కాసేపు దగ్గాడు. "నువ్వు ముంగటనే ఉంటివి గద. సూస్తనే ఉంటివి గద. నోరెందుకు మూసుకున్నవ్?"

"నా గొంతు పోయింది మామా. నల్గొండల అందరన్నరు."

"నల్గొండోళ్లు దూలం మోస్తున్నర్ర?" అన్నాడు జానయ్య. నొప్పికి పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగాడు. "నా కాలు అడుగు, నీ గొంతు ఉన్నదో పోయిందో చెప్తది."

ఎల్లస్వామి లేచి కట్ట దారి పట్టాడు.

తెల్లవారి జట్టులన్నీ ఎత్తుబాట దగ్గర దూలాలు ఎత్తాయి. మైకు మోగింది. గొలుసుల చప్పుడు, పాదాల చప్పుడు, ఆ తర్వాత గుంజ మీద నుంచి జానయ్య దగ్గాడు. దూలాల కింద మనుషులంతా ఎల్లస్వామి వెనుక భుజం వైపు చూశారు. అక్కడ జానయ్య లేడు, ఎవరో కొత్తవాడు ఉన్నాడు. ఎల్లస్వామి రాయి దించాడు. పక్క జట్టు దించింది. ఆ వెనుక జట్టూ దించింది. కంకర తట్ట కింద పెట్టి ఈదమ్మ వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

కృష్ణయ్య ఉరికొచ్చాడు. "ఏందిర గిది? రెండో ప్లేటుకే సల్లవడ్డ మొకానివి, ఇప్పుడు పాడుతవా?"

"రెండో దాంట్ల తొవ్వ లేకుండె మేస్త్రీ, గందుకే సల్లవడ్డది. నువ్వు తిప్పుతున్న దాంట్ల తొవ్వ ఉన్నది, గని అది రెండేండ్ల కిందటిది. గా తొవ్వ మీద గిప్పుడు కట్ట లేసింది. ఇయ్యాల్టి తొవ్వ నా కండ్ల ముంగట ఉన్నది. ఇను." ఎల్లస్వామి గొంతు బాట పై అంచు దాకా వినిపించింది. "కొట్టుకపోయిన జాగల మట్టి పొయ్యి. అది నిండెదాక ఒక్క రాయి లేవది. మామ లేసి నడిచెదాక ఆయన కూలి ఆయనకియ్యి. ఆ కంపెనీ సారుకు జాబు రాయి. పాట గావాల్నంటె మిషను ఎత్తుకొని ఈడికే రమ్మను, రాయి ఎనుక నడువుమను, మా మాట మాకే ఉండనియ్యిమను. అన్నిటికన్న ముందుగాల గా మైకు బందు చెయ్. జానమామ దవాఖానల పండుకొని దగ్గుతున్నడు. ఈడ దగ్గుతున్నది ఎవడు? బందు చెయ్, ఇప్పుడే!"